పసుపు నీళ్లు తాగిన బండి

ఆ బండి మా వాకిట్లోకి వచ్చిన మర్నాడు పొద్దున నాకు తీపి వాసనకు మెలకువ వచ్చింది. కార్తీక మాసం. కిటికీ అవతల మీగడలాంటి మంచు. ఎవరింట్లోనో బెల్లం పాకం పడుతున్నారనుకుని, పెళ్లి ఎవరిదబ్బా అని ఆలోచిస్తూ దుప్పట్లోనే కాసేపు తేలాను. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన లేడు. లేచి వాకిట్లోకి పోయాను.

ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేల మీద అరచేతి వెడల్పున తడి. ఆకుపచ్చా కాదు, పసుపూ కాదు, రెండింటికీ నడుమ రంగు. ఆ తీపి వాసన దానిదే.

"నీళ్లు కారుతున్నయా?" అన్నాను.

"నీళ్లు కాదే, కూలెంటు. ఇంజన్ కాగకుంట సల్లబరిచే మందు నీళ్లు. ఏడనో సన్నగ కారుతున్నది."

"నిన్ననే గద తెచ్చినవు. వచ్చిన తెల్లారే మొదలా?"

"తెల్లారి కాదు," అన్నాడు నా మొహం చూడకుండా, "జనగామ కాన్నుంచే."

ఆ తీపికి ఆశపడి మేకో కుక్కో నాకితే ప్రాణం పోతుందని, పొయ్యి బూడిద తెమ్మన్నాడు. గంపెడు బూడిద తెచ్చి తడి మీద పోశాను. పోస్తూ పోస్తూ ఆయనను తిట్టాను. తిడితే గానీ నాకు పొద్దు పొడవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. విదేశీది, పాతది. హైదరాబాద్‌లో ఎవరికో మోజు తీరిపోతే ఈయనకు మోజు పుట్టింది. నేరేడు పండు రంగు, నేలకు జానెడెత్తు. మహబూబాబాద్‌లో మా వాడకట్టు మొత్తానికి కావలసినంత నవ్వు దొరికింది. "గిది కూసునే బండా, పండుకునే బండా బిడ్డా?" అని పక్కింటి అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అని నేనూ నవ్వేశాను. కానీ ఆయన ఎందుకు కొన్నాడో నాకు తెలుసు, అందుకే ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆయన భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ నడిపాడు. పెళ్లయిన కొత్తలో మాకు అక్కడే క్వార్టర్ ఉండేది. షిఫ్టు దిగే వేళకు నేను గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడేదాన్ని. అవతల దారి మలుపు తిరిగి ఉంటుంది. అన్నీ ఒకే తీరు డంపర్లు, అన్నీ ఒకే తీరు దుమ్ము. అయినా ఆయన గేరు మార్చే చప్పుడు నాకు తెలుసు. మలుపు తిరగకముందే చెయ్యి ఎత్తేదాన్ని. "కనవడకముందే చెయ్యి లేపుతవేందే, నేనే అని ఎట్ల ఎరుక?" అని దిగి నవ్వేవాడు. ఆ దుమ్ములో ఆయన పళ్లు మాత్రమే తెల్లగా కనిపించేవి.

ఒక్కసారి పక్కన ఎక్కించుకోమని అడిగేదాన్ని. "గనిల బండి మనది గాదు. నా సొంత బండి వచ్చిననాడు ఎక్కిస్త," అనేవాడు. తర్వాత పిల్లల చదువుకని నేను మహబూబాబాద్ వచ్చేశాను. మా నాయినకు పెద్దవంగరలో ట్రాక్టర్ ఉండేది, మగపిల్లలు లేరు గనుక దాన్ని దున్నకాలంలో నడిపింది నేనే. ఆ ధైర్యంతో లైసెన్స్ తీసుకుని, పాల ట్రాలీ ఆటో నడిపి పిల్లలను పెంచాను. దాంట్లో ముందర సీటు ఒక్కటే. అట్లా మేమిద్దరం బతుకంతా స్టీరింగు పట్టుకున్నవాళ్లమే. బస్సుల్లో పక్కపక్కన కూర్చున్నాం. ఆయన నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నది మాత్రం ఎన్నడూ లేదు.

"రెండే సీట్లు. ఒకటి నాది, ఒకటి నీది. మూడో మనిషికి జాగ లేదు," అన్నాడు ఫోన్లో బండి ఫోటో చూపిస్తూ. మనవరాళ్లున్న దాన్ని, నాకు సిగ్గేసింది.

తొందర ఎందుకంటే ఆయన కళ్లు. షుగర్ ఎడమ కంటి లోపలి పొరను ఎప్పుడో తినేసింది. కుడి కంటికి హనుమకొండలో సూదిమందు వేయిస్తున్నాం. ఆ కన్ను బాగున్నన్నాళ్లు పగటిపూట మెల్లగా నడుపుకోవచ్చునని, చూపు నడుమ మసక మొదలైతే మాత్రం బండి ముట్టవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆ మసక రాకముందే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భూపాలపల్లి దాకా పోయి రావాలి. ఆయనకు ఇంకో కోరిక లేదు. "కుడి కన్ను పులికన్ను" అని నన్ను నమ్మించేవాడు, నేను నమ్మేదాన్ని. నమ్మితే హాయిగా ఉండేది.

ఇంతకూ జనగామలో జరిగింది ఇది. హైదరాబాద్ నుంచి ఒక్కడే బండి తెస్తుంటే వేడి చూపించే ముల్లు పైకి లేచిందట. చాయ హోటల్ దగ్గర ఆపి, ఇంజన్ చల్లారేదాకా మూడు చాయలు తాగి, హోటలామెను అడిగి గుప్పెడు పసుపు తీసుకున్నాడు. దాన్ని నీళ్లలో కలిపి కూలెంట్ డబ్బాలో పోశాడు. లారీల వాళ్లకు అది పాత వైద్యం. రేడియేటర్ కారితే పసుపు పోస్తారు, పోయి పోయి చిల్లికి అడ్డం పడుతుంది, ఇల్లు చేరుతారు. ఈయనా చేరాడు. కానీ లారీ కడుపు వేరు, ఈ బండి కడుపు వేరు. ఇందులో నీళ్లు పోయే దారులు సూది సందుల్లాంటివి.

"గంత పైసలు వోసి కొన్న బండికి గుప్పెడు పసుపా?" అన్నాను.

"పెండ్లికూతురు ఇంటికి వచ్చేటప్పుడు పసుపు లేకుంట ఎట్ల వస్తదే?"

నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

మధ్యాహ్నానికి రేడియేటర్లు అతికే మనిషిని పిలుచుకొచ్చాం. తొర్రూరు రోడ్డులో ఆయనకు షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, లారీలు చూసిన చెయ్యి. ముందు మూత ఎత్తి నోరు తెరిచాడు.

"అన్నా, ఇంజనేడ వోయిందే?"

"ఇంజన్ ఎనక, రేడియేటర్ ముంగట. నీళ్లు ముంగటికెల్లి ఎనకకు సీట్ల కిందికెల్లి పోతయి," అని మా ఆయన గర్వంగా చెప్పాడు.

ముందు పాత నీళ్లు దించారు. మట్టి కలిసిన పసుపు రంగులో తొట్టి నిండింది. శుభ్రమైన నీళ్లతో కడిగారు, మళ్లీ కడిగారు. తర్వాత డబ్బా మూతి బిగించి సైకిల్ పంపుతో గాలి కొట్టారు. గాలి నిలిస్తే కారడం లేనట్టు. అది నిలవలేదు, పంపు మీద గాలి చూపించే ముల్లు మెల్లమెల్లగా దిగిపోయింది. కారుతున్నది నిజం, ఎక్కడన్నదే తెలియదు. తడి సీట్ల వెనక కనబడింది కాబట్టి ఇద్దరూ వెనక ఇంజన్ చుట్టే వెతికారు. గొట్టాలు పిసికారు, క్లిప్పులు బిగించారు. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టుంది వీళ్ల పని.

నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నపు ఎండ పలచగా ఉంది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ముక్కు కొద్దిగా మండేది, తిరిగి పోగానే ఆ తీపి వాసన వచ్చేది. నాకు పెద్దవంగరలో పొలం గుర్తొచ్చింది. మా నాయిన గట్టు మీద నిలబడి, మడిలో నీళ్లు నిలవడం లేదని అరుస్తుంటే, తెగిన బోదె కోసం నేను పైకి పైకి నడిచేదాన్ని.

"తడి ఎనక ఉన్నదని కారుడు గూడ ఎనకనే ఉండాల్నా?" అన్నాను. "బోదె పైన తెగుతది, నీళ్లు కింద తేలుతయి. బండి ఉరుకుతుంటే గాలికి ఎనకకు కొట్టుకపోదా?"

మెకానిక్ పానా కింద పెట్టాడు. "వదిన చెప్పింది నిజమే అన్నా. సీట్ల కింద గొట్టాలున్నయి అంటివి. పొట్ట చూద్దాం."

పొట్ట చూడాలంటే ఇంట్లో కుదరదు. బండ్లు కడిగే షెడ్డుకు నెమ్మదిగా తీసుకుపోయి గుంత మీద నిలబెట్టారు. గుంతలో నిలబడితే బండి అడుగు తల మీద కప్పులా ఉంటుంది. అడ్డుగా ఉన్న రేకు విప్పారు. ముందు నుంచి వెనక దాకా రెండు పొడవాటి గొట్టాలు, వాటికి నాలుగైదు అతుకులు, అన్నిటి మీదా ఏళ్ల నాటి మసి, గ్రీజు, మన రోడ్ల మట్టి. ఏది తడో ఏది జిడ్డో తెలిసేలా లేదు.

"లోపల కడిగినా కారినకాడ పసుపు మరక ఉంటది, చూడు," అన్నాడు మా ఆయన.

"గీ మసిల పసుపేడ కనవడ్తదన్నా," అన్నాడు మెకానిక్.

అప్పుడు నా చెయ్యి దానంతటదే నడుముకు దోపుకున్న బొడ్లె సంచి మీదికి పోయింది. ఆకు, వక్క, సున్నం డబ్బా నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. మా ఇళ్లలో పెళ్లయి వచ్చిన జంటకు గడప దగ్గర ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. ఎన్ని పళ్లేల్లో కలిపి ఉంటానో ఆ నీళ్లు. పసుపు నీళ్లలో కాస్త సున్నం రాల్చగానే అంతా ఎర్రబడుతుంది. చిన్నప్పుడు అది చూసి నోరు తెరిచేదాన్ని, ఇప్పటికీ మనసులో కొద్దిగా తెరుస్తాను.

"జర తప్పుకోండ్రి," అని చీర కుచ్చిళ్లు దోపుకుని నేనే గుంతలోకి దిగాను.

తడిపిన సున్నాన్ని వేలితో ఒక్కొక్క అతుకు మీదా రాసుకుంటూ పోయాను. పైన ఎవరో బండి కడుగుతున్నారు. నీళ్ల హోరు దూరంగా, ఊరి బయట వాన పడుతున్నట్టుంది. గుంతలో చల్లగా, సగం చీకటిగా ఉంది. మొదటి అతుకు మీద సున్నం తెల్లగానే ఉండిపోయింది, రెండోది కూడా. ఆ తర్వాతది ఎడమ సీటుకు సరిగ్గా కింద ఉంది. రెండు గొట్టాలను కలిపే జానెడు రబ్బరు ముక్క అది. క్లిప్పు అంచున రాశానో లేదో, తెల్లటి సున్నంలో సన్నగా ఎర్ర గీత ఒకటి పుట్టింది. నేను చూస్తుండగానే పెరిగి కుంకుమ బొట్టంత అయింది.

"దొరికింది!" అని అరిచాను. "ఎర్రగ అయింది, సూడుండ్రి!"

మా ఆయన గుంతలోకి గబగబా దిగాడు. ఫోన్ లైటు వేశాడు. నేను చూపిన చోటికి మొహం తెచ్చాడు, ముక్కు తగిలేంత దగ్గరగా.

"ఏది?"

"గిదిగో. నీ ముంగటనే."

తల కొంచెం అటు జరిపాడు, కొంచెం ఇటు జరిపాడు. లైటు గొట్టం మీదే పడుతోంది, అది కూడా వణకకుండా. ఎర్రబొట్టు నాకు తడితో సహా కనిపిస్తోంది.

"ఏడ? ఎర్రగ ఏమున్నదే?"

పులికన్ను అన్న కన్ను అది. ఎడమది ఎట్లాగూ లేదు. ఈ కన్నుతోనేనా నిన్న హైదరాబాద్ నుంచి ఇంతదూరం ఒక్కడే వచ్చింది? భయమేసింది, కోపం వచ్చింది. ఆ రెండింటి కంటే ఎక్కువగా ఏడుపు వచ్చింది. పైనుంచి వంగి చూస్తున్న మెకానిక్ నా మొహం చూసి, ఇంకేదో పని ఉన్నట్టు లేచి పక్కకు పోయాడు. ఆ మర్యాదను నేను మరిచిపోలేను.

నేను ఆయన చెయ్యి పట్టుకుని చూపుడు వేలు ఆ బొట్టు మీద పెట్టాను. ఆయన వేలితో దాన్ని తడిమాడు, మెల్లగా గీరాడు. గట్టిపడి చీలిన రబ్బరు గోటికి తగిలింది కాబోలు, తల ఊపాడు. తర్వాత ఆ వేలును పక్కకు తెచ్చుకుని, తల ఓరగా తిప్పి, కంటి కొసతో చాలాసేపు చూశాడు.

"గింత ఎర్రగ ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నదయ్యా."

"నడుమల మసక ఉన్నది. దసరా కాన్నుంచి," అన్నాడు. "నీకు చెప్తే బండి కొననియ్యవని చెప్పలే. ఇగ నేను నడపలేనే."

నేను ఆయనను తిట్టలేదు. తిట్టాలనే ఉంది, ఆ తిట్లన్నీ ఇప్పటికీ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఆ గుంతలో ఆయన భుజం మీద తల పెట్టాను. మసి, గ్రీజు, ఆ తీపి వాసన. పైన నీళ్ల హోరు ఆగిపోయింది.

ఎవరికేమైనా బండి బండే, పని పనే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అంత వెతుకులాటకూ చివరికి దొరికింది వెంట్రుకంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు మూసుకునేది, వేడికి నీళ్లు పొంగితే తెరుచుకునేది. మెకానిక్ ఆ ముక్క కోసేసి, కొలతకు సరిపోయే మంచి రబ్బరు గొట్టం తెచ్చి వేశాడు, రెండు వైపులా కొత్త క్లిప్పులు బిగించాడు. మళ్లీ గాలి కొట్టి చూస్తే ముల్లు ఉన్నచోటే ఉంది. కొత్త కూలెంట్ పోశారు.

ఇక మిగిలింది గాలి తీయడం. అంత పొడవు గొట్టాల్లో ఎక్కడ గాలి బుడగ నిలిచినా ఇంజన్ మళ్లీ కాగుతుంది. అది మా ఆయన చేశాడు. ఇంజన్ నడుస్తుండగా కళ్లు మూసుకుని, గొట్టాల మీద చెయ్యి వేసుకుని, పసిపిల్ల కడుపు నొక్కినట్టు మెల్లగా నొక్కుతూ విన్నాడు. "ఇంకున్నది... ఇంకున్నది..." లోపలెక్కడో గుడగుడమంది. డబ్బాలో బుడగ తేలి పగిలింది. "పోయింది," అన్నాడు. కళ్లు మూసుకున్నప్పుడు ఆయన మొహం పాత మొహమే.

బండిని ఇంటికి నేను తీసుకొచ్చాను. నడపమని ఎవరూ అనలేదు, నేనే ఎక్కి కూర్చున్నాను. ఆ రాత్రి ఆయన తాళం చెవి నా బొడ్లె సంచిలో సున్నం డబ్బా పక్కన పెట్టాడు. అమ్మేద్దామా అని అడిగాను. "ఎందుకు? రెండు సీట్లున్నయి గద," అన్నాడు.

పొద్దున మంచులో బయలుదేరాం. ఆయన బతుకంతా దాచి నాకోసం కొన్న ఎడమ సీట్లో ఆయనే కూర్చున్నాడు. అంత కిందికి కూర్చుంటే రోడ్డు ఒళ్లోకి వస్తున్నట్టుంటుంది. రెండు పక్కలా పత్తి చేలు, మంచు పత్తో పత్తి మంచో తెలియదు. నర్సంపేట దాటేదాకా నేను ట్రాక్టర్ నడిపినట్టే నడిపాను. "గేరు ఏడుస్తున్నదే, మార్చు," అనేవాడు కళ్లు మూసుకునే. మార్చేదాన్ని. "ఇప్పుడు నవ్వుతున్నది." కొంతదూరం పోయాక ఆయన చెప్పడం మానేశాడు. నేనే ఆయనకు చెప్పుకుంటూ పోయాను, చెట్టు వచ్చింది, గొర్లు వచ్చాయి, గణపురం చెరువులో కొంగలు దిగాయి అని. వేడి ముల్లు నడుమ నుంచి కదలలేదు. ఆయనకు అది కూడా చెప్పాను.

భూపాలపల్లిలో పాత గేటు దగ్గర ఆపమన్నాడు. ఇప్పుడు దారి మారింది, ఆ గేటు వాడటం లేదు. వేపచెట్టు మాత్రం దుమ్ము కప్పుకుని అక్కడే ఉంది. ఆయన తలుపు తడుముకుంటూ దిగాడు. నేనూ దిగబోతే వద్దన్నాడు.

"నువ్వు వో. ఆ మలుపు అవతలికి వొయ్యి తిరిగి రా. నేను ఈడ నిలబడ్త."

"ఎందుకు?"

"నువ్వు నిలబడలేదా గన్ని దినాలు? నేను ఒక్కసారన్న నిలబడొద్దా?"

పోయాను. మలుపు అవతల బండి తిప్పుకుని ఒక్క నిమిషం ఆగాను, ఎందుకంటే నాకు రోడ్డు సరిగా కనిపించడం లేదు. పైట కొంగుతో కళ్లు తుడుచుకుని బయలుదేరాను. గేరు మార్చాను.

మలుపు తిరిగేసరికి వేపచెట్టు కింద ఆయన నిలబడి ఉన్నాడు. మొహం నా వైపు కాదు, ఇంకెటో ఉంది. కానీ చెయ్యి మాత్రం అప్పటికే పైకి ఎత్తి ఉంది.